నానమ్మను కడిగిన రోజు

మనవరాలు వెనిగర్ సీసా మూత తీయగానే సూర్యాపేటలోని మా పశువుల కొట్టం గుర్తొచ్చింది. పందొమ్మిది వందల నలభైల చివర్లో, నా చిన్నప్పుడు ఒకరోజు అక్కడా ఇదే పుల్లటి వాసన.

కోదాడ నుంచి వచ్చిన కెమెరా ఆయన, మా నానమ్మ వడ్లు దంచుతుంటే సినిమా తీశాడు. తర్వాత కొట్టానికి గొంగళ్లు కట్టి చీకటి చేసి, తన పెట్టెలోంచి తొట్లు, పుల్లటి వాసన కొట్టే మందు సీసాలు, ఫిల్ము చుట్టే కర్రచట్రం దించాడు.

"పాపా, నానమ్మ ఫిల్ము కడగాలి. నీళ్లు కావాలి" అన్నాడు.

నేను ఉరికివెళ్లి, "నానమ్మా, నిన్ను కడుగుతడట!" అని చెప్పాను.

"పొద్దుగాలనే తానం చేసిన గద! మల్ల కడుగుడేంది?" అని కసురుతూనే నానమ్మ బిందె ఇచ్చింది.

సాయంత్రం ఆయన ఆరిన ఫిల్మును వెలుతురుకు పట్టి చూపించాడు. ముగ్గుబుట్టలాంటి నానమ్మ తల అందులో నల్లగా నిగనిగలాడుతోంది.

"సూడు నానమ్మా! కడిగితే నీ జుట్టు నల్లగైంది!"

నానమ్మ కొంగు సవరించుకుని చాలాసేపు చూసింది.

"ఇగ చాలని చెప్పు బిడ్డా. మల్ల కడిగితే తెల్లబడ్తది."

అది తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా కనిపించే నెగెటివ్ అనీ, దాన్నుంచి తెరమీద వేసే ఫిల్ము తీసి కడిగితే జుట్టు మళ్లీ తెల్లబడుతుందనీ నాకు పెద్దయ్యాక తెలిసింది. నానమ్మ మాత్రం ఆ పూటే చెప్పేసింది.