చుక్క నోటికి కళ్ళెం

మా గవరపాలెంలో జట్కా జగ్గన్నను ఎరగనివాళ్ళు లేరు. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి. ఎత్తు రాగానే దిగి తొయ్యమనేవారు. స్టేషనుకు వేళకు చేరాలంటే జట్కాయే గతి. జగ్గన్నది మా గోడ పక్క ఇల్లు, నన్ను అక్క వరసతో అప్పా అనేవాడు. వాళ్ళ గుర్రం పొద్దున ఉలవలు తిన్నదో లేదో కనుక్కోనిదే నాకు అన్నం సహించేది కాదు.

అతను మొదట బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసేవాడు. ఒక వానాకాలం అరుగు మీంచి జారిపడి కుడి భుజం విరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టించినా ఆ చెయ్యి చెవి దాకా లేవలేదు. మోత మానేసి, ఒక ముసలి గుర్రాన్ని కొని జట్కా కట్టాడు. దాని పాత యజమాని ముళ్ళ కళ్ళెం వేసి లాగీ లాగీ నాలుక చీల్చేశాడు. జగ్గన్న భార్య సీతాలమ్మ ఉలవలు ఉడకబెట్టి, రుబ్బి దానికి పెట్టేది. అది కాస్తా కడుపు శూలతో పోయింది. సీతాలమ్మ కాళ్ళ కడియాలు అమ్మాక ఇంకో గుర్రం వచ్చింది. ఇదీ పనికిరాకపోతే మూటలెత్తే భుజం లేదు, ఇచ్చేందుకు కడియాలూ లేవు.

కొత్తది రోలుగుంట అవతల కొండల్లో పసుపు, చింతపండు మోసిన ఆడ తట్టు, పొట్టి జాతి గుర్రం. నుదుట తెల్లమచ్చ ఉంది, అందుకని చుక్క అన్నారు. వీపు మీద బరువు తెలుసు గానీ నోట్లో ఇనుము ఎరగదు. మెడకు తాడు కట్టి తోలిన జీవం అది.

జగ్గన్న నూలుతాడు తెచ్చి దాని నోటికి అడ్డంగా పెట్టి, పెదవుల మూలల దగ్గర ముడులు వేస్తుంటే గోడ మీంచి అడిగాను.

"ఏట్రా జగ్గా, గుర్రానికి రవికె కుట్టిత్తావా?"

"కళ్ళేనికి కొలతప్పా. ఇరుకైతే పెదాలు నొక్కుద్ది, వదులైతే అటూ ఇటూ జారి ఒరుసుకుపోద్ది."

"ఇనుము పళ్ళకి తగల్దా?"

"ముందు పళ్ళకీ ఎనక పళ్ళకీ నడాన సందుందప్పా. దేవుడు కళ్ళెం కోసమే ఒగ్గేసినట్టుంతాది."

ఇంట్లో పాతవి రెండున్నాయి. ఒకటి సన్నకడ్డీ. సన్నది చిగుళ్ళు కోస్తుందని పక్కన పెట్టాడు. రెండోది అడ్డంగా ఒకే దుడ్డు కడ్డీ. అది వేస్తే చుక్క మెడ బిగబట్టుకుని నిలబడింది. చివరకు కశింకోట కమ్మరి చేత, లావుగా, నున్నగా, మధ్యలో కీలుతో రెండు ముక్కల కళ్ళెం చేయించాడు.

అదీ మొదట చుక్క ఒప్పుకోలేదు. పళ్ళు గిట్టకరిచింది. అప్పుడు జగ్గన్న, మా ఊరివాడు గనక, మా ఊరి పనే చేశాడు. ఇనుముకు బెల్లం పాకం పూశాడు. చుక్క నాకింది, నోరు తెరిచింది, చప్పరిస్తూ నిలబడింది. వారం తిరిగేసరికి కళ్ళెం చూస్తే తనే మూతి చాపేది. పగ్గం ఇలా పట్టుకుంటే అలా తిరిగేది. వీధంతా మెచ్చుకుంది, నేనూ మెచ్చుకున్నాను.

మాఘమాసంలో బెల్లం సీజను ముదిరాక బండి కట్టాడు. మొదటి బేరం ఒక ప్లీడరు గుమాస్తా, వాల్తేరు రైలెక్కాలి. దారి బెల్లం మార్కెట్ మీంచే. దిమ్మల వాసన తగలగానే చుక్క ఆగిపోయింది. కళ్ళెం చప్పరిస్తూ నిలబడింది. అదిలించినా, కొరడా ఝళిపించినా అడుగు వెయ్యదు. గుమాస్తా పెట్టె నెత్తిన పెట్టుకుని పరుగెత్తాడు, రైలు అందలేదు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

స్టేషను దగ్గర జట్కాల స్టాండులో పెద్ద నోరు అప్పలరాజుది. అతనే మా వీధిలోకి వచ్చి, ముళ్ళ కళ్ళెం జగ్గన్న చేతిలో పెట్టాడు.

"ఇదెయ్యి బావా, దెబ్బకి దారికొత్తాది. నీ వల్ల మా అందరికీ తిట్లు. ఎయ్యకపోతే రేపట్నించి స్టాండులో నిలబడొద్దు."

"నోరు పోద్ది బావా."

"దాని నోరు సూత్తే నీ నోట్లోకి మెతుకెలా ఎల్తాది?"

సీతాలమ్మ చేట కింద పెట్టేసి లేచింది. "ముందు నీ నోట్లో ఎట్టుకుని సూడన్నయ్యా, ఆ తరవాత సెప్పు."

అప్పలరాజు నవ్వుతూ వెళ్ళిపోయాడు. జగ్గన్న నవ్వలేదు. ఆ ముళ్ళను బొటనవేలితో తడుముతూ అరుగు మీద కూర్చున్నాడు. స్టాండు పోతే బండెందుకు, బండి లేకపోతే గుర్రమెందుకు? నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

"పాకం ఇంకా పూత్తన్నావేట్రా?"

"పూత్తన్నానప్పా. లేకపోతే నోరు తెరవదేమోనని."

సీతాలమ్మ అందుకుంది. "బయల్దేరినప్పుడే తీపి ఎట్టేత్తే, నడిత్తే దానికేటొత్తాది? అది నాకడం అయిపోయింది, వాసనొచ్చిన కాడ ఇంకోమాటు పూత్తావని సూత్తంది."

జగ్గన్న లేచి, కీలు కళ్ళేన్ని చింతపండు పెట్టి తోమాడు. ఆ రోజు నుంచి బండి కట్టే ముందు తీపి లేదు. ఖాళీ బండి స్టేషను దాకా చేత్తో పట్టుకుని నడిపించి, గూడ్సు షెడ్డు గోడ దగ్గర జేబులోంచి చిన్న బెల్లంముక్క తీసి పెట్టేవాడు. మార్కెట్లో ఆగితే కొట్టలేదు, పెట్టలేదు, అది విసుగెత్తి కదిలేదాకా పక్కనే నిలబడ్డాడు. మాఘం వెళ్ళేలోగా చుక్క ఆగడం మానేసింది.

స్టాండు వాళ్ళు నమ్మలేదు. ఒక్క బేరం చూస్తామన్నారు. ఎవరూ ఎక్కకపోతే నేనే ఎక్కాను, కె. కోటపాడు నుంచి వచ్చిన మా ఆడపడుచును రైలెక్కించే మిషతో. మార్కెట్ దగ్గర చుక్క చెవులు దిమ్మలవైపు తిరిగాయి, నడక మందగించింది. జగ్గన్న పగ్గం లాగలేదు, వేళ్ళు కాస్త మూశాడంతే. చుక్క కళ్ళెం ఒకసారి కదిపి, తల దించి, సాగిపోయింది. రైలు రాకముందే చేరాం. గూడ్సు షెడ్డు గోడ దగ్గర జగ్గన్న దిగగానే అది తల తిప్పి అతని జేబులో మూతి పెట్టింది.

"ఇదేటి బావా, లంచం గుర్రవా?" అన్నాడు అప్పలరాజు, కానీ పక్కకి జరిగి లైనులో చోటిచ్చాడు.

చుక్క చాలా ఏళ్ళు ఆ జట్కా లాగింది. స్టేషను చేరకముందే దారి మధ్యలో ఎవరైనా దిగాలంటే మాత్రం కష్టమే, ఇష్టం లేకుండా ఆగేది. ముళ్ళ కళ్ళేన్ని అప్పలరాజు అడగనూ లేదు, జగ్గన్న ఇవ్వనూ లేదు. సీతాలమ్మ దాన్ని దూలానికి కట్టి దానికి మజ్జిగ ఉట్టి వేలాడదీసింది.