నొప్పిలేని మోకాలు

వెర్లిన్ హోఫ్‌స్టాడ్‌కి చలికాలంలో పనేమీ ఉండదని ఊళ్ళో అందరూ అనుకుంటారు. వేసవంతా ఎక్కడో నాలుగు రాష్ట్రాల అవతల కుర్రాళ్ళ చేత బేస్‌బాల్ ఆడిస్తాడు. ఆకులు రాలేసరికి నెబ్రాస్కాలో ఇంటికొచ్చి పడతాడు. మంచు కరిగేదాకా గరాజులో కూర్చుని తోలు గ్లవుజులకి పాత తాళ్ళు తీసి కొత్తవి ఎక్కిస్తుంటాడు. ఊరివాళ్ళ మాట చాలావరకు నిజమే. కానీ నవంబరులో ఒక్క వారం మాత్రం అతనికి తిండి సహించదు. పెద్ద క్లబ్బువాళ్ళు ఫోను చేసి, కింది జట్ల కుర్రాళ్ళలో ఎవరిని ఉంచుకోవాలో, ఎవరిని వదిలెయ్యాలో చెప్పమని అడిగేది ఆ వారంలోనే.

పద్ధతి పాతదే. క్లబ్బు కింద నాలుగు మెట్లుంటాయి, మెట్టుకో జట్టు. వెర్లిన్ నడిపేది పైనుంచి రెండో మెట్టు. ఆ మెట్ల మీద కొన్నేళ్ళు నానిన కుర్రాణ్ణి క్లబ్బు తన నలభైమందిలో చేర్చుకుంటే సరే, లేకపోతే డిసెంబరులో మిగతా క్లబ్బులు వచ్చి ఏరుకుపోవచ్చు, ఆ ఏడు అడుగున మిగిలిన క్లబ్బుదే మొదటి వంతు. ఏరుకునేవాళ్ళకీ ఒక మెలిక ఉంది. తీసుకున్నవాణ్ణి మళ్ళీ కింది మెట్టుకి తొయ్యకూడదు, ఏడాది పొడుగునా పెద్దవాళ్ళ పక్కనే, పెద్ద మైదానంలోనే ఉంచుకోవాలి. ఉంచుకోలేకపోతే తిరిగి ఇచ్చెయ్యాలి. నలభైలో పేరు చేర్చడాన్ని వాళ్ళు 'కాపాడటం' అంటారు. ఎవరిని ఎవరినుంచి కాపాడుతున్నారన్నది మాత్రం ఇన్నేళ్ళయినా వెర్లిన్‌కి తేటతెల్లం కాలేదు.

అతన్ని కూడా ఒకప్పుడు కాపాడారు. అప్పుడతను క్యాచరు. బ్యాటు పట్టినవాడి వెనకాల ముసుగు తగిలించుకుని, గొంతుక్కూర్చుని బంతులు పట్టడమే అతని పని. రెండు చలికాలాలు నలభైమందిలో అతని పేరు నిలిచింది. పైన పెద్ద జట్టులో ఆడే క్యాచరు ఇనపగుండు లాంటి మనిషి, ఆ రెండేళ్ళలో జలుబు కూడా చెయ్యలేదు. మూడో ఏడు వెర్లిన్ పేరు తీసేశారు. అప్పటికి అతను ఏ క్లబ్బుకీ అక్కర్లేకపోయాడు. పెద్ద మైదానంలో ఒక్క రోజూ ఆడకుండానే ఆడే వయసు అయిపోయింది. ఆ రెండేళ్ళకి గుర్తుగా మిగిలిన టోపీ గరాజులో మేకుకి వేలాడుతుంటుంది. అది తనకి జరిగిన మర్యాదో, తనని పెట్టి తాళం వెయ్యడమో అతను ఏనాడూ తేల్చుకోలేదు.

ఈసారి ఫోను చేసింది ఆన్నలీస్ ప్రూయిట్. కింది జట్లన్నిటికీ పైఅధికారిగా సెప్టెంబరులో కొత్తగా వచ్చింది. వయసులో చిన్నదే గానీ ఎదుటివాళ్ళు మాట పూర్తిచేసేదాకా ఆగుతుంది, అందుకని వెర్లిన్‌కి ఆమె అంటే గౌరవం. అప్పుడతని చేతిలో ఎలియాద్ గ్లవుజు ఉంది, తాళ్ళు సగమే ఎక్కాయి. ఎలియాద్ వెనిజువెలా కుర్రాడు, వెర్లిన్ జట్టుకి క్యాచరు.

ఒక్క చోటే మిగిలిందని ఆమె చెప్పింది. దానికి ఇద్దరున్నారు, ఎలియాద్ ఒకడు, ఓక్లహోమా నుంచి వచ్చిన పిచర్ కోల్బీ రస్క్ ఇంకొకడు. కోల్బీ బంతి విసిరితే తుపాకిగుండే, కాకపోతే చేతిలోంచి వదిలాక అది ఎటు పోతుందో అతనికీ తెలియదు.

“ఆ మోకాలి నొప్పే లేకపోతే నేనసలు ఆలోచించేదాన్నే కాదు వెర్లిన్ గారూ, ఎలియాద్ పేరే రాసేసేదాన్ని. పాడైన మోకాలున్న క్యాచర్ని కాపాడితే పైవాళ్ళు నన్ను తింటారు. మీరేమంటారు?”

వెర్లిన్ గ్లవుజు ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఆ మోకాలికి ఏ జబ్బూ లేదు. ఆగస్టులో ఎలియాద్ ఆట చూడటానికి మిగతా క్లబ్బుల మనుషులు రోజూ వచ్చి కూర్చునేవారు. అప్పుడు ఆన్నలీస్ చోట్లో ఉన్నది డ్వైట్ గార్లాండ్. ఆయన ఫోను చేసి, కుర్రాణ్ణి దాచెయ్యమన్నాడు. అదేమీ కొత్త విద్య కాదు. మంచి కుర్రాడు పరాయివాళ్ళ కంట పడకుండా ఏదో నొప్పి అంటగట్టి కూర్చోబెట్టడం అన్ని క్లబ్బులూ చేసేదే. వెర్లిన్ ఎలియాద్‌ని పిలిచి, నీకు మోకాలు నొప్పిగా ఉందన్నాడు. లేదు స్కిప్ అన్నాడు వాడు. జట్టు నడిపేవాణ్ణి ఆటగాళ్ళంతా స్కిప్ అనే పిలుస్తారు. ఉంది, ఇంకో నెల ఉంటుంది అన్నాడు వెర్లిన్. వాడికి విషయం అర్థమై బుద్ధిగా తలూపాడు, గుమ్మం దాకా వెళ్ళి ఆగి అడిగాడు.

“ఏ మోకాలు స్కిప్?”

వెర్లిన్ అంతదాకా ఆలోచించలేదు. ఎడమది అన్నాడు. మర్నాడు ఎలియాద్ కుడికాలు కుంటుకుంటూ వచ్చాడు.

సెప్టెంబరులో గార్లాండ్ ఈ క్లబ్బు వదిలి, ఆ ఏడు అందరికంటే అడుగున మిగిలిన క్లబ్బులో చేరాడు. వెళ్తూ వెళ్తూ ఈ మోకాలి సంగతి ఆన్నలీస్ చెవిన వేసి ఉంటాడనుకున్నాడు వెర్లిన్. ఎందుకు వేస్తాడు? ఆ అడుగు క్లబ్బుకి సరైన క్యాచరే లేడు. దాచిపెట్టినవాడు తాళంచెవి జేబులో వేసుకుని పక్కింటికి మారాడన్నమాట.

రేపు మధ్యాహ్నానికి చెబుతానన్నాడు వెర్లిన్. సాయంత్రం ఐదింటికల్లా పేర్లు పంపాలని ఆమె గుర్తుచేసింది.

ఫోను పెట్టేశాక అతను చాలాసేపు తాడు కొస చేత్తో పట్టుకుని ఏ కన్నంలో దూర్చాలో తెలియకుండా కూర్చున్నాడు. మోకాలు బాగానే ఉందని చెబితే కుర్రాణ్ణి కాపాడతారు. కాపాడితే పైన ఐదేళ్ళ ఒప్పందంతో కూర్చున్న క్యాచరు ఉన్నాడు, అతనికీ జలుబు చేసే సూచనలు లేవు. ఎలియాద్ తనలాగే కాపలాలో ముదిరిపోతాడు. చెప్పకుండా ఊరుకుంటే గార్లాండ్ వాణ్ణి పట్టుకుపోతాడు, ఏప్రిల్లో వాడు పెద్ద మైదానంలో ఉంటాడు. ఒకవేళ గార్లాండ్ మనసు మారితే? కుంటికాలి క్యాచర్ని ఇంకెవడు తీసుకుంటాడు? పోనీ ఊరుకుంటే చోటు కోల్బీకి దక్కుతుంది, వాడూ తన కుర్రాడే, ఓపిగ్గా ఎదురుచూస్తున్నాడు. అంటే తను నోరు మూసుకుంటే ఇద్దరూ బాగుపడొచ్చు, తనకి తిండి పెడుతున్న క్లబ్బు మాత్రం మోసపోతుంది. ఒక పక్కనుంచి సర్దుకుంటూ వస్తే ఇంకో పక్క జారిపోతోంది.

అతని భార్య నోరీన్ స్కూలు బస్సు నడుపుతుంది. పిల్లల్ని దింపి వచ్చేసరికి చీకటి పడింది. బీన్సు, మాంసం వేసి ఉడికించిన చిల్లీ వేడిచేసి, పక్కన దాల్చినచెక్క రొట్టె పెట్టింది. స్కూల్లో తిన్నప్పటినుంచీ అతనికి ఈ రెండూ కలిసుంటేనే భోజనం. ఇవాళ రొట్టె విరిచాడు గానీ నోట్లో పెట్టుకోలేదు. ఆమె విషయమంతా రాబట్టింది.

“నిన్ను కాపాడితే ఏమొచ్చింది? ఒక టోపీ వచ్చింది. అదీ మేకు పాలైంది” అంది.

అంత తేలిగ్గా తీసిపారెయ్యకన్నాడు వెర్లిన్. ఆ రెండేళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోబట్టే చలికాలాల్లో ఇంటికి వచ్చాడు, వచ్చాడు కాబట్టే చర్చి విందులో ఆమె కనబడింది. పెద్ద జట్టుకి వెళ్ళుంటే ఏమయ్యేదో.

“అంటే నేను కూడా ఆ క్లబ్బు దయేనా?”

“నేనలా అనలేదు.”

“అన్నావు. తిను ముందు.” రొట్టె అతనివైపు జరిపి, “ఆ కుర్రాడికేం కావాలో వాణ్ణే అడక్కూడదా? నీ జీవితం పట్టుకెళ్ళి వాడి మీద కప్పుతావెందుకు?” అంది.

తనని ఆ రోజుల్లో ఎవరూ అడగలేదు. ఆటగాణ్ణి అడగొచ్చన్న ఆలోచనే వాళ్ళ పనిలో లేదు. కంచం పక్కకి జరిపి ఫోను చేశాడు.

అవతల ఎలియాద్ గొంతు కంటే ముందు వాళ్ళ ఇంటి సందడి వినబడింది. వాళ్ళమ్మ ఒమైరా కొడుకు పేరు వచ్చినట్టే లెక్క వేసుకుని వీధి వీధంతా పిలిచేసిందట. మొక్కజొన్న పిండిలో మాంసం కూరి, అరటాకుల్లో చుట్టి ఉడికించే అయకాలు మామూలుగా క్రిస్మస్‌కి చేస్తారు. ఆవిడ ఇప్పుడే మొదలుపెట్టింది. మేనమామ పాటలపెట్టె తెస్తున్నాడు.

వెర్లిన్ తనకి చేతనైనట్టు విడమరిచి చెప్పాడు. చెప్పేకొద్దీ తనకే అర్థం కాకుండా పోయింది.

“అంటే స్కిప్, పేరు వస్తే చెడ్డది, రాకపోతే మంచిదా?”

“అలా అనలేదు. వస్తే మంచిదే. రాకపోయినా మంచిదే కావచ్చు.”

“మరి చెడ్డది ఏది?”

ఇది మా అమ్మకి ఎలా చెప్పమంటారు అని కూడా అడిగాడు ఎలియాద్. పేరు రాలేదు, అయినా సంతోషపడండి అంటే వీధిలో వాళ్ళు తినడం మానేస్తారా, పెద్ద మైదానంలో ఆడాలని తనకీ ఉంది, కాపాడారు అనిపించుకోవాలనీ ఉంది, రెండింట్లో ఏది ముందో మీరే చెప్పాలి అన్నాడు. వెనక ఎవరో ఆడమనిషి గట్టిగా పిలిచింది. వాడు గొంతు తగ్గించాడు.

“స్కిప్, ఇంతకీ నా మోకాలు ఎప్పుడు తగ్గుతుంది? దీని పేరు చెప్పి క్లబ్బువాళ్ళు ఇక్కడ చలికాలం ఆటలు కూడా ఆడనివ్వలేదు. మా అత్త రోజూ సాయంత్రం ఏదో నూనె మర్దనా చేస్తోంది. ఆ వాసనకి మా కుక్క కూడా దగ్గరికి రావట్లేదు.”

“ఏ మోకాలికి రాస్తోంది?”

“రెండింటికీ. నాకు గుర్తులేక రెండూ చూపించాను.”

వెర్లిన్‌కి నవ్వు రావాల్సింది, రాలేదు. ఈ నొప్పి పెట్టింది తను. తీసెయ్యగలిగేది కూడా, ఈ భూమ్మీద, తనొక్కడే. గార్లాండ్ తియ్యడు, వాడుకుంటాడు. తను నోరు మూసుకుంటే కుర్రాడు ఎక్కడికి వెళ్ళినా కుంటుకుంటూనే వెళ్తాడు. ఏది మంచిదో తెలియలేదు గానీ ఈ ఒక్కటీ తెలిసింది.

మర్నాడు పొద్దున్నే ఆన్నలీస్‌కి ఫోను చేసి, మోకాలు రెండూ శుభ్రంగా ఉన్నాయి మేడమ్ అన్నాడు. ఆగస్టు కథ మొత్తం చెప్పాడు.

“నేను ఆ మోకాలి గురించి ముగ్గురు డాక్టర్లతో మాట్లాడాను. స్కాన్ బొమ్మలో ఏమీ కనబడటం లేదు, కాబట్టి చాలా లోతైన జబ్బు అయ్యుంటుందన్నారు” అంది ఆమె. గొంతులో కోపమో నవ్వో అతనికి తెలియలేదు. “మీ జట్టులో ఇలాంటి నొప్పులు ఇంకేమైనా ఉన్నాయా?”

“ఒక భుజం ఉంది మేడమ్. అది నిజమైనదే.”

“అయితే ఎవరి పేరు రాయమంటారు?”

ఎవరు మెరుగైన ఆటగాడు అన్నదే ప్రశ్న అయితే క్యాచరే అన్నాడు వెర్లిన్. ప్రశ్న అదేనా అని ఆమె అడగలేదు, అతనూ చెప్పలేదు. నిజం చెబితే గుండె బరువు దిగుతుందంటారు. అతనికి ఏమీ దిగలేదు, ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారినట్టనిపించింది.

సాయంత్రం ఎలియాద్ పేరు వెళ్ళింది. కోల్బీకి చెప్పే బాధ్యత వెర్లిన్‌దే. కోల్బీ మామగారి టైర్ల దుకాణంలో ఉన్నాడు, వెనక గాలి మిషను రొద. పర్లేదు స్కిప్ అన్నాడు. పర్లేదని మళ్ళీ అన్నాడు, ఎవరో కారు తెచ్చారని పెట్టేశాడు. వెనిజువెలా నుంచి పాటల మోత, ఎవరెవరివో అరుపులు, మధ్యలో ఒమైరా ఏడుపు కలగలిపి ఫోన్లో ఒక రికార్డింగు వచ్చింది. అది విని నోరీన్ కూడా కళ్ళు తుడుచుకుంది, వాళ్ళేమంటున్నారో ఒక్క ముక్క అర్థం కాకపోయినా.

డిసెంబరులో మిగతా క్లబ్బులు ఏరుకునే రోజున వెర్లిన్ ఖాళీ స్కూలు బస్సులో నోరీన్ పక్కన కూర్చుని ఉన్నాడు. బ్రేకులు చూపించడానికి తీసుకెళ్తున్నారు. రేడియోలో పేర్లు చదివారు. అడుగున మిగిలిన క్లబ్బు, అంటే గార్లాండ్ క్లబ్బు, అందరికంటే ముందు ఏరుకుంది. ఏరుకున్నది కోల్బీ రస్క్‌ని.

“ఇదెలా జరిగింది?” అంది నోరీన్.

వెర్లిన్ కిటికీలోంచి కోసేసిన మొక్కజొన్న చేలు చూస్తూ ఉండిపోయాడు. క్యాచరు దొరక్కపోతే కనీసం వాడు పట్టే బంతులు విసిరేవాణ్ణయినా తీసుకుందామనుకున్నాడేమో గార్లాండ్. ఏమనుకున్నాడో ఎవరికి తెలుసు.

ఏప్రిల్లో కోల్బీ పెద్ద మైదానంలో అడుగుపెట్టాడు. అతని మొదటి బంతి క్యాచరు తల మీదుగా వెళ్ళి వెనక వలలో పడింది. నలభై వేలమంది ఊళలు వేశారు. అయినా వాణ్ణి కింది మెట్టుకి తొయ్యడానికి వీల్లేదు కాబట్టి అక్కడే ఉన్నాడు. ఆ ఆట వెర్లిన్ జట్టు వాళ్ళు తమ మైదానంలో, చిన్న రేకుల గదిలో, బయట జల్లు ఆగడం కోసం ఎదురుచూస్తూ టీవీలో చూశారు. కుర్రాళ్ళు ఈలలు వేశారు. ఎలియాద్ అందరికంటే గట్టిగా వేశాడు. ఆ తరవాత, కొత్త తాళ్ళు ఎక్కిన గ్లవుజు ఒళ్ళో పెట్టుకుని, చాలాసేపు టీవీవైపే చూశాడు.

“స్కిప్” అన్నాడు మెల్లిగా. “కాపాడింది నన్నే కదా?”

“నిన్నే.”

“వాణ్ణి వదిలేశారు.”

“అవును.”

ఎలియాద్ తల ఒక పక్కకి వంచి ఇంకా ఏదో లెక్క కడుతున్నాడు. వాన తగ్గింది. మైదానం మీద కప్పిన పట్టా లాగుతున్నారు. ముసుగు పెట్టుకోమని వెర్లిన్ అతని భుజం తట్టి ముందు బయటికి నడిచాడు. వెనక కుర్రాడు తిన్నగానే నడుస్తున్నాడా లేదా అని ఒకసారి తిరిగి చూశాడు.