పదకొండో కోరిక

చెప్పుకుంటే సిగ్గుచేటు. కానీ బావ గురించి చెప్పాలంటే ముందు నా సింథసైజర్ గురించి చెప్పక తప్పదు.

బావంటే మా అక్క మొగుడు. ఇరవై రెండేళ్ళు మా ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయించాడు. నన్ను అందులో చేర్చిందీ ఆయనే. పదిహేడేళ్ళప్పుడు కీబోర్డు మీద నా రెండు చేతులూ రెండు దారుల్లో పోతుంటే, పక్కన కూర్చుని స్టీలు గ్లాసు మీద చెంచాతో తాళం వేసి దారిలో పెట్టాడు. మనిషి లావు, నడక నెమ్మది, నోరు మాత్రం ఊరుకోదు. "ఎవరు తరుముతున్నార్రా నిన్ను? రైలేమైనా ఎక్కాలా?" అనేవాడు. పాటకీ పాటకీ మధ్య కర్రలు చంకలో ఇరికించుకుని, చొక్కా కొనతో కళ్ళద్దాలు తుడుచుకునేవాడు.

రెండేళ్ళ కిందట నేను ఈ పెట్టె కొన్నాను. సింథసైజరే, కానీ లోపల సీక్వెన్సర్ ఉంది. డ్రమ్స్, బేస్, వయొలిన్లు అన్నీ ఇంట్లో కూర్చుని ఒక్కో దెబ్బా, ఒక్కో స్వరమూ నింపి పెట్టుకుంటే, స్టేజీ మీద బటన్ నొక్కితే చాలు, అదే వాయించుకుంటూ పోతుంది. నలుగురి పని ఒక్కడే చేయొచ్చు. ఆ నలుగురిలో బావ ఉన్నాడని నాకు తెలియక కాదు. "ప్రోగ్రాములు తగ్గాయి బావా, ఉంటే పిలుస్తా" అన్నాను. ప్రోగ్రాములేమీ తగ్గలేదు. ఆయన పరదాల కొట్టులో చేరి, టేపు పట్టుకుని జనం ఇళ్ళలో కిటికీలు కొలిచే పనిలో పడ్డాడు. "ఈ వారం ఖాళీయేనా రా?" అని అక్క మామూలుగా అడిగినా నేను గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాణ్ణి.

పెట్టె పని చేసింది గానీ పాటకి ప్రాణం రాలేదు. "డబ్బా కొడుతున్నట్టుంది" అని మా గాయని మొహం మీదే చెప్పింది. తప్పు నాది కాదు, ఇందులో సరైన ఎఫెక్టులు లేవన్నాను. అది కొంత నిజమే. ఉన్నది ఒక్క ఎఫెక్టు, పెడితే అన్నిటికీ పడుతుంది. ఫ్లూటుకి ఎకో ఇస్తే డ్రమ్స్ కూడా నూతిలో పడ్డట్టు మోగుతాయి.

ఇంతలో పెట్టె తయారుచేసేవాళ్ళు, మార్పులు చేస్తున్నాం, ఏమేం కావాలో రాయండని వాడేవాళ్ళందరినీ అడిగారు. పదకొండు కోరికలు రాశాను. ఒక్కో వాయిద్యం ట్రాకుకి విడిగా రివర్బ్, అంటే పెద్ద హాల్లో మోగినట్టుండే గుణం, ఉండాలి. పాట వేగం మారితే ఎకో తనంతట తానే సర్దుకోవాలి. ఒక్కటి వాయిస్తే పది వాయించినట్టు వినిపించే కోరస్ ఎఫెక్టు కావాలి, అదీ వయొలిన్లకి మాత్రమే. ఇలా పది గబగబా రాసేశాను. పదకొండోదానికే చాలాసేపు పట్టింది: పల్లవికి తిరిగొచ్చే చోట డ్రమ్ము దెబ్బ వెంట్రుకవాసి ఆలస్యంగా పడాలి, అదీ ప్రతిసారీ ఒకేలా కాకుండా.

రాస్తున్నప్పుడే అది బావ చెయ్యి అని నాకు తెలుసు. తెలిసే, ఎఫెక్టు అని రాశాను.

వారంలో జవాబొచ్చింది. పదీ అందరూ అడిగేవేనట. పదకొండోది మాత్రం కొత్తగా ఉందట. అలా వాయించే మనిషెవరైనా ఉంటే, మీ పెట్టెతో కలిపి వాయించి రికార్డు చేసి పంపండి అన్నారు. నా కాళ్ళు నేల మీద నిలవలేదు. ఎవరిని పిలవాలన్న ఆలోచన ఆ తర్వాతే వచ్చింది.

"బావా, ఆదివారం డ్రమ్స్ పట్టుకుని మా ఇంటికి రాగలవా?" అని ఫోన్ చేశాను. అబద్ధం ఒక్క ముక్క లేదు. కానీ మా ఆర్కెస్ట్రాలో ఎవరినైనా వాయిద్యంతో సహా రమ్మన్నామంటే ప్రోగ్రాం ఒప్పుకున్నామనే అర్థం. ఊరికే బరువు మోయించడం మా దగ్గర లేదు. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

"ఎన్నింటికి?" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. "కొట్టుకి సెలవు పెట్టాడు రా. డ్రమ్ములకి కొత్త స్కిన్లు వేయించాడు. చొక్కా తనే ఇస్త్రీ చేసుకున్నాడు. ఇన్నాళ్ళూ నీ గురించి ఏదేదో అనుకున్నాను, మనసులో పెట్టుకోకు." నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడైనా చెప్పాల్సింది. "సరేలే అక్కా" అన్నాను.

లిఫ్టు లేని మూడంతస్తులు. రెండు విడతల్లో మోసుకొచ్చాడు, నన్ను కిందికి దిగనివ్వలేదు. డ్రమ్స్ ట్రాకు ఆపేసి, రికార్డు నొక్కి మిగతావి నడిపించాను. పల్లవికి తిరిగే చోట బావ ఆగీ ఆగనట్టు ఆగి కొట్టాడు. రెండేళ్ళుగా నేను వెతుకుతున్నది అదే, నా గదిలో, నా పక్కనే. రెండోసారీ అలాగే. అయ్యాక కర్రలు చంకలో పెట్టుకున్నాడు.

"పాడే అమ్మాయి రాలేదేం? ఆ చోట ఊపిరి తీసుకుంటుంది కదా. తన భుజం చూసి కొడతా నేను. ఇప్పుడేదో గుర్తున్నంత కొట్టాను. ఇంతకీ ప్రోగ్రాం ఎప్పుడు?"

"ప్రోగ్రాం లేదు బావా."

అన్నీ చెప్పేశాను. కోరికలు, జవాబు, అసలు ప్రోగ్రాములు తగ్గనే లేదన్న సంగతి. ఆయన మొహం చూసే ధైర్యం లేక పెట్టె మీది బటన్లకే చెప్పాను. తిడతాడనుకున్నాను. తిడితే బావుండేది.

"అంటే దీనికి నేర్పించాలన్నమాట" అన్నాడు.

"ఆఁ."

"రెండోసారి తిరిగినప్పుడు కాలు తడబడింది, విన్నావా?"

"లేదు బావా."

"తడబడింది. అది పంపకు, పరువు పోతుంది." స్టూలు ముందుకు లాక్కున్నాడు. "మీ అక్కకి ప్రోగ్రాం వాయిదా పడిందని చెప్తాను. నువ్వు నోరెత్తకు. ఊఁ, మొదలెట్టు."

రికార్డు నొక్కాక ఆ పెట్టె నాలుగు టిక్కులు లెక్కపెట్టి గానీ మొదలవదు. వద్దు బావా అనడానికి ఆ నాలుగూ సరిపోతాయి. నేను అనలేదు.