ఇంకో మనిషి వాడుతున్న ఫైలు

దయ్యాలు లేవనే నేను ఇప్పటికీ అంటాను. ఇరవై ఏళ్ళు స్టోర్‌కీపర్‌గా చేసినవాణ్ణి. సరుకు వచ్చిందంటే చలాన్ ఉండాలి, పోయిందంటే సంతకం ఉండాలి. రెండూ లేకపోతే ఆ సరుకు నా లెక్కలో లేనట్టే. గల్ఫ్‌లో ముసఫా లేబర్ క్యాంపులో ఒకాయన స్నానాల గది దగ్గర తెల్లటి ఆకారం చూశానని జ్వరం తెచ్చుకుంటే, ఎవరో అరబ్బు తన పొడుగు తెల్ల కందూరా ఆరేసుకుని ఉంటాడు, పడుకోమన్నాను.

అలాంటివాణ్ణి ఇది రాస్తున్నాను. చలాన్ లేదు, సంతకం లేదు, సరుకు మాత్రం చేరింది.

2005 సంగతి. అబుదాబి పక్కన ముసఫాలో ఒక కాంట్రాక్టింగ్ కంపెనీ స్టోర్‌లో నాకు పని. అక్కడికి దగ్గరలోని బనియాస్‌లో ఒక పాత విల్లాని గదులుగా విడగొట్టి అద్దెకిచ్చేవారు, అందులో ఒక గదిలో ముగ్గురం ఉండేవాళ్ళం. మిగతా ఇద్దరూ ఒకే నెలలో వీసా క్యాన్సిల్ చేయించుకుని ఇండియా వెళ్ళిపోయారు. వాళ్ళ మంచాలు అలాగే ఉండిపోయాయి. నేను ఒక మంచం మీద పడుకుని, ఇంకోదాని మీద బట్టలు మడతపెట్టుకునేవాణ్ణి. మూడోదాన్ని ఊరికే చూస్తూ ఉండేవాణ్ణి.

నా భార్య వనజ నిజామాబాద్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో డీటీపీ చేసేది. అంటే పెళ్ళి కార్డులు, కరపత్రాలు, బడి పరీక్ష పేపర్లు కంప్యూటర్‌లో తెలుగులో టైపు చేసి ముస్తాబు చేయడం. చేతివేగం బాగా ఉండేది. తప్పు కనబడితే అన్నం ముందు కూర్చున్నా ఆగదు, కూరగాయల బండి మీద బోర్డుని కూడా దిద్దమనే రకం.

ఆ ఏడు ఎండలు ముదరకముందే వనజకు ఐదో నెలలో కడుపు పోయింది. దవాఖాన నుంచి వాళ్ళక్క ఫోన్ కలిపి ఇచ్చింది. వనజ ఏడవలేదు. పది రోజులకైనా రమ్మంది, అంతకన్నా ఏమీ అడగలేదు. మర్నాడు నేను ఫోన్ చేసి, ముదీర్, అంటే మా మేనేజర్, సెలవు ఇవ్వనన్నాడని చెప్పాను.

అది అబద్ధం. ముదీర్‌ని నేను అడగనే లేదు.

అప్పటిదాకా నేను స్టోర్‌లో హెల్పర్ని. స్టోర్‌కీపర్ కుర్చీ నాకే ఇస్తామని ఆ వారమే అన్నారు. పది రోజులు కనబడకపోతే ఆ కుర్చీలో ఇంకొకడు కూర్చుంటాడని నాకు భయం. సెలవు కాగితం నింపాను, సంతకం కూడా పెట్టాను, తీసుకెళ్ళి స్టోర్ బల్ల సొరుగులో అడుగున పెట్టాను. కుర్చీ నాకు దక్కింది, కాగితం సొరుగులోనే ఉండిపోయింది. ఈ సంగతి ప్రాణస్నేహితుడికి కూడా చెప్పలేదు. సిగ్గుపడే పని ఎవరు చెప్పుకుంటారు?

ఆ రోజు వనజ సరే అని ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేసింది. ఎప్పుడు చేసినా వాళ్ళక్కే ఎత్తి, పనిలో ఉందనేది. ఒక నెల, రెండు నెలలు, ఆరు నెలలయింది. పుట్టింటి నుంచి ఇక మా ఇంటికి రాదేమో అని మా వైపు వాళ్ళు గొణగడం మొదలుపెట్టారు.

అప్పుడే ఊరికి వెళ్ళిపోతున్న ఒక మలయాళీ దగ్గర పాత కంప్యూటర్ కొన్నాను. గదిలో టెలిఫోన్ లైన్ ఉంది. కార్డు కొని, వైరు గుచ్చితే, మోడెమ్ కాసేపు కీచుమని ఇంటర్నెట్ వచ్చేది. నాకు కావలసింది మాటలు రాసి పంపుకునే మెసెంజర్ ఒక్కటే. వనజ ప్రెస్‌లో కూర్చున్నంతసేపూ మెసెంజర్ తెరిచే ఉంచుతుందని నాకు తెలుసు. నా లిస్టులో ఉన్నది ఆమె పేరొక్కటే.

అక్కడ మనకి సెలవు శుక్రవారం, నిజామాబాద్‌లో ప్రెస్ ఆ రోజు కూడా నడిచేది. కాబట్టి శుక్రవారం పొద్దున్నే టీ పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఆమె పేరు పక్కన పసుపు బొమ్మ వెలిగేది. ఎలా ఉన్నావని ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాణ్ణి. జవాబు వచ్చేది కాదు. మధ్యాహ్నం భోజనానికి లేచినప్పుడు బొమ్మ ఆరిపోయేది, మళ్ళీ వెలిగేది, సాయంత్రం పూర్తిగా పోయేది. అలా వెలుగుతూ ఆరుతూ ఉన్న ఒక పేరుని చూస్తూ నా సెలవు రోజంతా గడిచిపోయేది.

ఆ కంప్యూటర్ నిండా వైరస్‌లే. ఆ మలయాళీ ఏం చూసేవాడో గానీ, ఇంటర్నెట్ తెరవగానే నేను పెట్టని వెబ్‌సైట్ ఒకటి ముందు వచ్చి కూర్చునేది. పైన రెండు మూడు టూల్‌బార్లు. నువ్వు గెలిచావు, నువ్వు గెలిచావు అంటూ కిటికీలు తెరుచుకునేవి. వారమంతా నన్ను పలకరించేవి అవే కాబట్టి మొదట్లో కొన్నిటిని మూయకుండా చదివేవాణ్ణి కూడా. నవ్వుకోండి, ఫర్వాలేదు.

తర్వాత మెసెంజర్ పాడయింది. నేను కొట్టకుండానే వనజకి ఏవో లింకులు వెళ్తున్నాయి, నా ఫోటోలు చూడు అని ఇంగ్లీషులో. నాకు ఒళ్ళు మండింది. అసలే పలకని మనిషి, పైగా ఈ చెత్త వెళ్తే ఏమనుకుంటుంది?

మూడు శుక్రవారాలు దాన్ని తీయడానికి పెట్టాను. యాంటీవైరస్ వేస్తే పదమూడు పట్టుకుని పన్నెండు తీసేసేది. ఆ మిగిలినదాని పేరు అక్షరాలు కలగాపులగంగా ఉండేది. నడుస్తున్న ప్రోగ్రాముల జాబితాలో దాన్ని ఆపితే రెండు సెకన్లలో మళ్ళీ లేచేది. ఫైలు వెతికి డిలీట్ కొడితే ఒకటే మాట వచ్చేది. ఈ ఫైలుని ఇంకో మనిషి గానీ ఇంకో ప్రోగ్రాము గానీ వాడుతున్నారు, తీయడం కుదరదు అని.

మూడో శుక్రవారం ఆ మాట ఏ పదిసార్లో చదివాక నాకు విసుగు, దుఃఖం రెండూ కలిసి వచ్చాయి. వెనక మెసెంజర్‌లో వనజ పేరు వెలుగుతోంది. ఆ పేరు వైపు చూసి, గదిలో ఎవరూ లేరు కదా అని, పైకే అన్నాను. ముదీర్‌ది తప్పు కాదు వనజా, నేను అడగనే లేదు అని. ఆ మాట నా నోట రావడం అదే మొదటిసారి. ఆ కంప్యూటర్‌కి మైకు లేదు, కెమెరా లేదు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత మీరే అడుగుతారు.

ఆ మధ్యాహ్నమే మస్తాన్‌ని పిలిపించాను. రాయచోటి అతను, బనియాస్ మార్కెట్‌లో కంప్యూటర్లు బాగుచేసే షాపులో పనిచేసేవాడు. జుమ్మా నమాజ్ అయ్యాక వచ్చాడు. సేఫ్ మోడ్‌లో పెట్టాడు, రిజిస్ట్రీలోకి వెళ్ళి ఏవేవో చెరిపాడు, గంటన్నర తంటాలు పడ్డాడు. అతనికీ అదే మాట వచ్చింది. దాన్ని చదివి నా ఖాళీ మంచాల వైపు చూశాడు.

“ఇంగొక మనిషి వాడుకుంటా ఉండాడంటన్నా. ఈ రూములో నువ్వుగాక ఎవురుండారు?” అన్నాడు, నవ్వుతూనే.

చివరికి సీడీ వేసి మొత్తం చెరిపేసి, విండోస్ కొత్తగా ఎక్కించాడు. ఫార్మాట్ చేస్తే డిస్కులో ఏమీ మిగలదని, ఖలాస్ అని చెప్పి వెళ్ళాడు. తెర మీద ఒక్క చెత్తబుట్ట బొమ్మ తప్ప ఏమీ లేదు.

నేను మెసెంజర్ తిరిగి ఎక్కించలేదు. పలకని మనిషి పేరు చూస్తూ కూర్చోవడం ఇక చాలనిపించింది. ఫోన్ వైరు కూడా చుట్టి బీరువాలో పెట్టేశాను. ఆ వారం గది మరీ ఖాళీగా అనిపించింది. ఇప్పుడు ఆ దిక్కుమాలిన కిటికీలు కూడా లేవు.

తర్వాతి గురువారం మధ్యాహ్నం స్టోర్‌లో వాల్వులు లెక్కపెడుతుంటే మొబైల్ మోగింది. ఇండియా నంబరు. వనజ.

“నువ్వు రాసింది చదివిన,” అంది.

నేనేం రాశాను?

“అడగనే లేదని అప్పుడే చెప్తే అయిపోవు గదా. సారు ఇయ్యకపోతే నువ్వు మాత్రం ఏం జేస్తవని అనుకుందామని ఎంత జూసినా, నాకు మనసొప్పలే. నీ గొంతులనే తెలిసింది అబద్ధమని. నువ్వు ఎన్నడు చెప్తవో అని చూసిన. ఇగ ఇప్పుడన్న పోయి అడుగు. అడిగి రా.”

నేను ఆఁ అన్నాను. ఫోన్ పెట్టేశాక వాల్వుల లెక్క మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. అప్పుడు సొరుగు తీసి చూశాను. కాగితం అడుగునే ఉంది, మడత కూడా చెదరలేదు.

దాని మీద తేదీ కొట్టేసి కొత్త తేదీ వేసి ముదీర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన తలెత్తకుండానే “కిత్‌నే దిన్?” అన్నాడు. ఇరవై అన్నాను. సంతకం పెట్టేశాడు. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ఆ కాగితం పట్టుకుని నేను స్టోర్ వెనక పైపుల మధ్య కూర్చుని ఏడ్చాను.

నిజామాబాద్ వెళ్ళిన మూడో రోజు వనజ తను చదివానన్న ఉత్తరం నాకు చూపించింది. ప్రెస్‌లో ప్రింట్ తీసుకుని దాచుకుంది.

ఆమె చెప్పింది ఇది. నా పేరు మీద రోజూ లింకులు వచ్చేవట. ప్రెస్‌లో అలాంటివి చాలా చూసింది కాబట్టి వైరస్ అని మూసేసేదట. నాకు ఫోన్ చేసిన ముందురోజు, బుధవారం మాత్రం లింకు రాలేదు. అర్థంలేని గుర్తులు, నెత్తి మీద చుక్కలున్న ఇంగ్లీషు అక్షరాలు నాలుగు వరుసలు వచ్చాయి. అదీ మూసేయబోయింది. కానీ డీటీపీ చేసేవాళ్ళకి ఒక అలవాటు ఉంటుంది. తెలుగు ఫాంటు లేని చోట తెలుగు మాటలు అలాంటి చెత్తగానే కనబడతాయి. రోజూ చూసి చూసి వాళ్ళకి కొన్ని మాటలు ఆ రూపంలోనే తెలిసిపోతాయి. మొదటి వరుసలో ఆమెకి తన పేరు కనబడింది.

ఆ గుర్తుల్ని తీసుకెళ్ళి పెళ్ళి కార్డులకి వాడే ఫాంటులో పెట్టింది. తెలుగు వచ్చింది.

“వనజా, శెలవు ఇయ్యలేదన్నది అబద్ధం. నేను అడగనే లేదు. కాయితం నింపి సొరుగుల పెట్టుకున్న. భయమైంది.”

సెలవుని నేను ఎప్పుడూ శెలవు అనే రాస్తాను. నా ఉత్తరాల్లో ఆ తప్పుని ఎర్ర పెన్నుతో దిద్ది తిరిగి నాకే చూపించిన మనిషి వనజ. ఆ ఒక్క అక్షరం చూసి, ఇది వేరేవాళ్ళు రాసింది కాదని ఆమెకి నమ్మకం కుదిరిందట. తెలుగు టైపు ఎప్పుడు నేర్చుకున్నావని అడిగింది. నేను నవ్వి ఊరుకున్నాను.

ఆమె మెసెంజర్ కిటికీని కూడా ప్రింట్ తీసింది. నా పేరు, బుధవారం, పదకొండు నలభై అని ఉంది. అంటే అబుదాబిలో పది పది. ఆ సమయానికి నేను ముసఫాలో పైపుల లారీ దింపిస్తున్నాను. రిజిస్టర్‌లో నా చేతిరాత, డ్రైవర్ సంతకం ఉన్నాయి, తిరిగి వెళ్ళాక చూశాను. గదికి తాళం వేసి ఉంది. కంప్యూటర్ ఫార్మాట్ అయి ఐదు రోజులు, మెసెంజర్ లేదు, వైరు బీరువాలో ఉంది.

మస్తాన్‌ని అడిగాను, పూర్తిగా చెప్పకుండా. ట్రోజన్ అనే రకం వైరస్ పాస్‌వర్డ్ దొంగిలిస్తుందని, దాంతో ప్రపంచంలో ఎవరైనా ఎక్కడి నుంచైనా నా పేరుతో పంపొచ్చని చెప్పాడు. అది నేను ఒప్పుకుంటాను. లింకుల సంగతి దానితో తేలిపోతుంది. తెలుగులో వస్తుందా అన్నాను. ఏ దేశపు దొంగకి మన తెలుగు ఫాంటు కావాలన్నా అని నవ్వాడు. సొరుగు సంగతి మాత్రం నేను అతనికి చెప్పలేదు. మైకు లేని యంత్రం ముందు అన్న మాటని ఎవరు విన్నారని ఎవరిని అడగను?

ఇన్నేళ్ళలో దీని గురించి తోచినవన్నీ ఆలోచించాను. నిద్రలో లేచి నేనే ఏదైనా నెట్ సెంటర్‌కి వెళ్ళానా అని కూడా. అయినా ఆ టైపు నాకు రాదు. లెక్క తేలలేదు, ఇప్పటికీ తేలడం లేదు.

మాకు తర్వాత ఒక పాప పుట్టింది. నేను గల్ఫ్ వదిలి వచ్చేశాను. మాకు ఎప్పుడైనా మాటామాటా వస్తే, ఏమైనా ఒక్కసారి మాత్రం నీ అంతట నువ్వు నిజం చెప్పినవ్ అని వనజ తగ్గిపోతుంది. ఆ మాట విన్నప్పుడల్లా నేను లేచి వాకిట్లోకి వెళ్తాను. ఆమె క్షమించింది నేను రాయని ఉత్తరాన్ని. మొదటి అబద్ధం పోయిన చోటే రెండోది పెట్టి ఇంతకాలం కాపురం చేశాను.

ఆ రోజు చెప్పాలని ఎట్ల బుద్ధి పుట్టింది అని మొన్న అడిగింది. ఏమో అన్నాను.

నాకు తెలుగు టైపు ఇప్పటికీ రాదు. ఇదంతా తెల్లకాగితాల మీద చేత్తో రాశాను. టైపు చేసి పత్రికకి పంపాల్సింది వనజే. రేపు పొద్దున టీ ఇచ్చి, ఈ కాగితాలు ఆమె బల్ల మీద పెడతాను.