రెండో నాటికలో వినిపించిన మాట

నేను దయ్యం వేషం రెండుసార్లు వేశాను. ముఖానికి తెల్ల పౌడరు కొట్టుకుని, జుట్టు విరబోసుకుని, స్టేజీ పక్కన పకోడీ తింటూ నా ఎంట్రీ కోసం ఎదురుచూశాను. అలాంటిదాన్ని దయ్యాలున్నాయంటే ఎలా నమ్ముతాను? ఎవరైనా ఆ కబుర్లు మొదలుపెడితే ఏడిపించేదాన్ని. ఇది చదివి మీరు నన్ను ఏడిపించినా నేనేమీ అనుకోను.

మాది చిలకలూరిపేట. నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఆ దుమ్ము పీల్చీ పీల్చీ గొంతు బొంగురుపోయింది. ఏ మాటైనా అనే ముందు రెండుసార్లు పొడిగా దగ్గేవాడు.

ఇంటర్ అయ్యాక నేను నాటకాల్లో చేరాను. "మనింటి ఆడపిల్ల మొహానికి రంగేసుకుని పదిమంది ముందు ఎగిరితే నేను బజార్లో తలెత్తుకు తిరగాలా?" అన్నాడు నాన్న. నాతో ఆయన అన్న ఆఖరి మాట అదే. ఆ తర్వాత కూరలో ఉప్పు తక్కువైనా అమ్మతోనే చెప్పేవాడు, పక్కన వడ్డిస్తున్నది నేనైనా సరే. అలాగే మూడేళ్ళు గడిచాయి. ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. నా నాటకం ఒక్కటి కూడా చూడలేదు. ఆ బాధ ఎలాంటిదో చెప్పడం నాకు చేతకాదు.

మా వైపు నాటక పరిషత్తులు ఎక్కువ. ఊళ్ళల్లో పోటీలు పెడతారు, ఎక్కడెక్కడి నాటక సమాజాలో వచ్చి నాటికలు ఆడతాయి. ఆడ ఆర్టిస్టులు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. అందుకని ఒకే సాయంత్రం ఒకే అమ్మాయి రెండు సమాజాలకి వేషం కట్టడం మామూలే. ముందు నాటికలో కూతురు, గంట తిరక్కుండా ఇంకో నాటికలో తల్లి. చీర మార్చుకున్నంత తేలిగ్గా తలలో డైలాగులు మారవు.

పోయిన ఏడాది ప్రత్తిపాడు దగ్గర ఒక ఊళ్ళో పరిషత్తు జరిగింది. ముందు వరసలో ఒక సినిమా డైరెక్టరు కూర్చున్నాడు. తన సినిమాలో హీరో అక్క వేషానికి ఈ ప్రాంతపు అమ్మాయి కావాలని వెతుక్కుంటూ వచ్చాడు. ఆ వేషం నాకు రాకపోతే నాటకాలు మానేసి గుంటూరులో బట్టల కొట్లో చేరతానని అమ్మకి మాటిచ్చి ఉన్నాను. నాన్న పోయాక ఇల్లు గడవాలి కదా.

మొదటి నాటిక బాగా నడిచింది. అందులో నేను చదువుకోవడానికి ఊరు దాటాలనుకునే కూతుర్ని. రెండో నాటికలో పత్తి రైతు భార్యని. వెళ్ళనివ్వకపోతే చెప్పకుండా ఇల్లు వదిలిన కూతురు పట్నంలో చనిపోతుంది, మొగుడూ పెళ్ళాలు ఆ తప్పు నీదంటే నీదని పోట్లాడుకుంటారు. మొగుడి వేషం వెంకటేశ్వర్లు బాబాయ్‌ది. పెదకాకాని మనిషి, చుట్టం కాకపోయినా అందరం బాబాయ్ అనే పిలుస్తాం. స్క్రిప్టులో లేని అక్షరం ఆయన నోట్లోంచి రాదని పరిషత్తుల్లో అందరూ జోకులు వేస్తారు.

బాబాయ్ జనానికి వీపు పెట్టి పత్తి కుప్ప ముందు కూలబడి ఉన్నాడు. నేను వెళ్ళి, "ఇప్పుడేడిస్తే పిల్లొస్తదా?" అని నిలదీయాలి. వెళ్ళాను. నోరు తెరిస్తే మొదటి నాటిక డైలాగు వచ్చింది.

"నాన్నా, నన్ను వెళ్ళనియ్యి నాన్నా."

అన్న మరుక్షణం కాళ్ళ కింద స్టేజీ లేనట్టయింది. సినిమా పోయింది, పరువు పోయింది, రేపటి నుంచి బట్టల కొట్టే అనుకున్నాను.

అప్పుడు రెండు పొడి దగ్గులు వినిపించాయి.

"ఎళ్ళిరావే దూదిపింజా. నేనేడకీ పోలా, సూస్తానే ఉండా."

బాబాయ్ కూర్చున్న చోటి నుంచే వచ్చింది. కానీ గొంతు బొంగురుగా ఉంది. దూదిపింజ అనేది నాన్న నన్ను చిన్నప్పుడు పిలిచిన పేరు. ఏకిన దూది కుప్ప మీద నన్ను ఎగరేసి పడేసేటప్పుడు అలా పిలిచేవాడు. నేను పెద్దయ్యాక మానేశాడు. బయటివాళ్ళకి ఆ పేరు తెలియదు. బాబాయ్ మా నాన్నని చూడనేలేదు.

నేను ఏడ్చాను. అది నటన కాదు. చచ్చిపోయిన కూతురి మాటల్నే తల్లి మళ్ళీ అంటోందని, తండ్రికి ఆ పిల్ల గొంతే వినిపించి జవాబిచ్చాడని జనం అనుకున్నారు. చప్పట్లు ఆగలేదు. డైరెక్టరు లోపలికొచ్చి, "ఆ ఒక్క మాట చాలమ్మా, వేషం నీదే" అన్నాడు.

నేను బాబాయ్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన మొహం పాలిపోయి ఉంది. "నేనేమన్నానే తల్లీ? నువ్వు నాన్నా అనేసరికి నా గుండె జారిపోయింది. బుర్రలో ఒక్క ముక్క లేదు. నేనసలు నోరే తెరవలా" అన్నాడు. ఆట పట్టిస్తున్నాడనుకున్నాను. మనవరాలి మీద ఒట్టేశాడు.

మా సమాజం వాళ్ళు ఫోన్లో తీసిన వీడియో ఉంది. అందులో దగ్గు ఉంది, మాట ఉంది. బాబాయ్ వీపే కనిపిస్తుంది కాబట్టి పెదాలు కదిలాయో లేదో తేలదు. కంగారులో తనకి తెలియకుండానే ఏదో అని ఉంటాడని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. పేరు దగ్గరికొచ్చేసరికి ఆ సమాధానం నిలవదు.

సినిమా షూటింగుకి బయల్దేరే ముందు రోజు ఆ వీడియో అమ్మకి చూపించాను, ఏమీ చెప్పకుండా. దగ్గు వినగానే అమ్మ తల మీదికి చెంగు లాక్కుంది. మళ్ళీ పెట్టమంది. మళ్ళీ పెట్టాను.

"నాన్న గొంతేనా అమ్మా?" అని అడిగాను.

"గొంతు ఆయనదే" అంది అమ్మ. "కానీ మస్తాన్‌బీ, బతికుంటే ఆయన ఆ మాట అనేవోడు కాదే."

గొంతు ఎక్కడి నుంచి వచ్చిందన్నది నేను ఎప్పుడో వదిలేశాను. బతికుండగా అననివాడు పోయాక ఎందుకన్నాడన్నదే ఇప్పటికీ ఆలోచిస్తున్నాను.