రేడియో కుడిచెయ్యి

ఆ వీధిలో సెలూన్ నడిపే ఆయన్ని అందరూ రేడియో అనేవారు. కుర్చీలో కూర్చున్నవాళ్లు తల ఒక్కటే అప్పగించేవారు. ఆయన చెవులు కూడా తీసుకునేవాడు.

ఒకరోజు షట్టరు దించుతుంటే తుప్పు పట్టిన అంచు పిక్కను చీల్చింది. ఆసుపత్రిలో నర్సమ్మ కట్టు కట్టి, కుడి భుజానికి ధనుర్వాతం టీకా వేసింది.

వారం తిరిగాక ఆ భుజంలో నొప్పి మొదలైంది. రేడియో నోరు మూయించినంత నొప్పి. భార్య అందుకే హడలిపోయింది. కొన్నాళ్లకు నొప్పి పోతూ పోతూ చేతిలో సత్తువను కూడా పట్టుకుపోయింది. కత్తెర జారి ఓ లెక్కల మాస్టారి ఒళ్లో పడింది. ఆయన సగం క్రాఫుతోనే లేచి వెళ్లిపోయాడు.

"సూదికి ఎక్కడైనా ఇలా అవుతుందా? సరిగ్గా పడుకుని ఉండరు" అని నర్సమ్మ కొట్టిపారేసింది.

నరాల డాక్టరమ్మ మాత్రం చెయ్యి ఎత్తించి, తిప్పించి చూసింది. "భుజం దగ్గర నరాలు వాచాయండి. టీకా తర్వాత ఎక్కడో నూటికో కోటికో ఒకరికి ఇలా వస్తుంది. మీకు దానివల్లే వచ్చిందని ఒట్టేయలేను, కాదనీ అనలేను. టీకాల సంగతి చూసే పైవాళ్లకి రాసి పంపుతాను. చెయ్యి తిరిగొస్తుంది గానీ నెలలు పడుతుంది."

"తెలీదని చెప్పిన డాక్టర్ని ఇప్పుడే చూస్తున్నానమ్మా" అన్నాడు రేడియో. ఇంటికొచ్చాక, భార్య చొక్కా గుండీలు విప్పుతుంటే మాత్రం ఏడ్చాడు.

మర్నాటి నుంచి కత్తెర ఆవిడ పట్టింది. ఇద్దరు కూతుళ్ల జుట్టూ ఇన్నేళ్లుగా కత్తిరించింది ఆవిడే. పనిలో పెదవి విప్పదు.

"ఈ కుర్చీలో కునుకు పట్టడం ఇదే మొదలు" అన్నాడొక పాత కస్టమరు. మూల స్టూలు మీదున్న రేడియోకి చెయ్యి పడిపోవడం కంటే అదే ఎక్కువ గుచ్చుకుంది.

పక్కన ఇస్త్రీ దుకాణం నడిపే బావమరిది ఫోన్ పట్టుకొచ్చాడు. "బావా, ఆ చెయ్యి వేలాడేసి చూపించు. టీకాలు వద్దని చెప్పు. ఊరంతా చూస్తుంది."

"పడిపోయింది చెయ్యిరా, బుర్ర కాదు. ధనుర్వాతం వస్తే దవడలు బిగుసుకుపోతాయంట. నోరు పెగలకపోతే నేను బతికేం లాభం? వీడియో తియ్యాలంటే ఆ నర్సమ్మని తియ్యి. నా మాట వినకుండా పంపేసింది. నా కోపమంతా ఆవిడ మీదే."

ఏడాది దాటాక చెయ్యి చాలావరకు తిరిగొచ్చింది. భుజం మాత్రం కాస్త జారే ఉండిపోయింది. సెలూన్‌లో రెండో కుర్చీ వేశారు. జనం భార్య కుర్చీ కోసమే కాచుకుని కూర్చుంటారు. తన కుర్చీ ఖాళీగా ఉన్నంతసేపూ రేడియో వాళ్లకు కబుర్లు చెబుతాడు. పాపం, వాళ్లకు లేచిపోయే వీలుండదు.