గంగారామన్న తీగల జల్లెడ

నిన్న పొద్దున మీటింగ్‌లో ఉండగా వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. గంగారామన్న మేనల్లుడి నుంచి.

"మామ పోయిండు సార్. హార్ట్ ఎటాక్."

రెండుసార్లు చదివాను. లేచి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. పోయిన నెలేగా మాట్లాడింది. బాగానే ఉన్నాడు.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. గంగారామన్నది జగిత్యాల వైపు. అబుదాబిలో మా కంపెనీ ఎలక్ట్రీషియన్, ఐకాడ్ లేబర్ క్యాంపులో ఉండేవాడు. నేను ఆఫీసులో ఐటీ. పోయినేడే గల్ఫ్ చాలించుకుని ఊరెళ్లాడు.

ఎనిమిదేళ్ల కిందట ఓ రోజు నా దగ్గరికొచ్చి, పాత వైఫై డాంగిల్ ఉంటే ఇమ్మన్నాడు. క్యాంపులో నెట్ లేదు. రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న మా ఆఫీస్ వైఫై అక్కడికి లాగుతాడట. దేంతో? మెస్‌లో అన్నం వార్చే తీగల జల్లెడతో!

"సినిమాలకా అన్నా?" అని ఆటపట్టించాను. నవ్వి ఊరుకున్నాడు.

మా ముదీర్, అంటే మేనేజర్, మంచివాడు. శుక్రవారం ఆఫీస్ ఖాళీయే కదా, వాడుకోమన్నాడు.

గంగారామన్న క్యాంపు మేడ మీద ఒక జల్లెడ కట్టాడు. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, నాకు తెలియదా అని నేను ఆఫీస్ రౌటర్‌కి బూస్టర్ తగిలించాను. క్యాంపులో సిగ్నల్ ఫుల్. వీడియో మాత్రం కదలదు.

"సారూ, మీరు గట్టిగ అరుస్తున్నరు. మేం చెప్పేది మీకు ఇనొస్తలేదు. అరుపు కాదు, చెవి పెద్దగ కావాలె" అన్నాడు గంగారామన్న.

అంతే విషయం. నాకు తట్టలేదు.

రెండో జల్లెడ ఆఫీస్ మేడ మీదికి వచ్చింది. మెస్ వంటవాడు తిట్టని తిట్టు లేదు. గంగారామన్న జల్లెడలో సిల్వర్ ఫాయిల్ పరిచి, ఎండకు తిప్పి, ఎక్కడ వేడి చుర్రుమంటుందో వేలు పెట్టి చూశాడు. సరిగ్గా అక్కడే డాంగిల్. వేలు బొబ్బలెక్కింది.

ఆ శుక్రవారం ఆఫీస్ మేడ మీద నేను, క్యాంపు మేడ మీద ఆయన. చెవి దగ్గర ఫోన్లు.

"జర ఎడమకు సారూ. ఇంక జర. ఖలాస్, ఇగ ముట్టకు."

ఎలా ఉందో చూద్దామని కారేసుకుని క్యాంపుకి వెళ్లాను.

గదిలో చప్పుడు లేదు. లాప్‌టాప్‌లో పదేళ్ల పిల్ల, ఊళ్లో నెట్ సెంటర్‌లో తల్లి పక్కన కూర్చుని, చేతులు గబగబా తిప్పుతోంది. ఈయనా చేతులతోనే జవాబిస్తున్నాడు.

ఆయన కూతురు లావణ్యకి పుట్టుకతోనే వినపడదు, మాట రాదు.

"అందరు కార్డు కొని ఫోన్ మాట్లాడుతరు సారూ. నా బిడ్డకు ఫోనెందుకు? బొమ్మ ఆగితె దాని మాట సగంల తెగిపోతది."

సినిమాలకా అని అడిగిన నోటిని ఏం చేసుకోవాలో తెలియలేదు.

"ఇప్పుడేమంటోందన్నా?"

"గడ్డం గీక్కొమ్మంటుంది."

ఆ తర్వాత ప్రతి శుక్రవారం క్యాంపంతా ఆ జల్లెడ కిందే. అందరికీ వాళ్ల ఇంటివాళ్లు కనపడ్డారు. గాలిదుమ్ము రేగితే మాత్రం గుడ్డ పట్టుకుని మేడెక్కేది గంగారామన్నే.

నిన్న సాయంత్రం వాళ్లింటికి వీడియో కాల్ చేశాను. లావణ్య ఎత్తింది. బాగా ఎదిగింది. ఏడుస్తూ చేతులతో ఏదో చెప్తోంది. బొమ్మ ఎక్కడా ఆగలేదు. నాకు మాత్రం ఒక్క ముక్కా అర్థం కాలేదు.

ఇన్నేళ్లు సిగ్నల్ చూశాను గానీ, ఆ పిల్ల భాష ఒక్కరోజూ అడగలేదు.

చేతులు జోడించాను. ఆ పిల్ల కళ్లు తుడుచుకుని తనూ జోడించింది.

ఆ భాష నేర్చుకుంటాను గంగారామన్నా. నువ్వు నిమ్మళంగా ఉండు.